రూపాయి ముప్పావలా – ఇప్పటి లెక్కలో ఎంత?

మా నాయన పాసుపుస్తకంలో 1955 నాటి పేజీ ఒకటుంది. కాగితం పసుపు పచ్చబడి గీతలు వెలిసిపోయినా సిరా మాత్రం నిలిచింది. ‘దుప్పటి కూలి 1-12-0’ అని గుమాస్తా గుండ్రటి చేతిరాత. ఎమ్మిగనూరులో మాది నేత ఇల్లు. అమ్మ కండెలు చుట్టేది, నాయన గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకుని పొద్దు కుంకేదాకా నేసేవాడు. ఇంటికొచ్చే ప్రతి పైసా ఆ పుస్తకంలోకి ఎక్కేది.

ఈమధ్య మా చెల్లెలి మనవడు ఆ పేజీని ఫోన్‌తో ఫోటో తీసి వికీమీడియా కామన్స్‌లో ఎక్కించాడు. డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాడు, తెలుగు వికీపీడియాలో మన ఊళ్ళ గురించి రాయాలని ఉబలాటం. ఫోటో కింద ‘1955లో ఎమ్మిగనూరు నేతగాడికి దుప్పటి కూలి ₹1.12’ అని వివరణ పెట్టి, సంబరంగా తెచ్చి నాకు చూపించాడు.

‘‘ఇది తప్పు రా నాయనా’’ అన్నాను.

‘‘పుస్తకంలో ఉండేదే కదవ్వా రాసింది. ఒకటీ పన్నెండు.’’

‘‘అది పన్నెండు పైసలు కాదు, పన్నెండు అణాలు. రూపాయి ముప్పావలా. ఇప్పటి రాతలో 1.75.’’

వాడు కాసేపు ఆ పేజీనే చూస్తా నిలబడి, ‘‘అంటే తాతకు అరవైమూడు పైసలు తక్కువిచ్చినానా నేను?’’ అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. ముప్పై ఏళ్ళకు పైగా ఆదోనిలో పిల్లలకు అకౌంట్స్ చెప్పి రిటైరైనదాన్ని. చిట్టాలో ఒక్క అంకె పక్క గడిలో పడితే ఆవర్జా దాకా తప్పు ఎట్లా పాకుతుందో బోర్డు మీద ఎన్నిసార్లు వేసి చూపించానో లెక్కలేదు. ఇప్పుడు మన పిల్లలు చరిత్రను వెతుక్కునేది వికీపీడియాలోనే. అక్కడ ఒక్క చుక్క తప్పు పెడితే చనిపోయిన మనిషి కూలిలో మూడోవంతుకు పైగా కోత పడింది. అందుకే ఈ వ్యాసం. వికీలో డబ్బు గురించి రాసేవాళ్ళను నేను అడిగేది ఒకటే. ప్రతి మొత్తానికీ దాని సంవత్సరం రాయండి, దాన్ని ఇప్పటి రూపాయల్లోకి మార్చితే ఏ కొలతతో మార్చారో ఆ కొలత పేరు రాయండి. ఈ రెండూ లేని అంకె వికీలో ఉండకపోవడమే మేలు.

ముందు రాత సంగతి. 1957 ఏప్రిల్ 1 దాకా మన రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు. మూడు గడుల్లో రాసేవారు. రెండణాలంటే బేడ, నాలుగణాలు పావలా, ఎనిమిది అర్ధరూపాయి, పన్నెండు ముప్పావలా. ఆ రోజు నుంచి రూపాయికి నూరు నయా పైసలయ్యాయి, 1964 జూన్‌లో ‘నయా’ అన్న మాట కూడా పోయింది. నాయన పుస్తకంలో ఈ మార్పు కళ్ళకు కనిపిస్తుంది. 1957 వేసవి నుంచి మూడో గడి ఖాళీ. గుమాస్తా కొన్నాళ్ళు అలవాటు కొద్దీ అందులో సున్నా పెట్టి, తర్వాత మానేశాడు. ఇంట్లో మాత్రం లెక్క మారడానికి ఏళ్ళు పట్టింది. ఇరవై అయిదు పైసల బిళ్ళను 2011 జూన్‌లో ప్రభుత్వం చెలామణి నుంచి తీసేసేదాకా మా అమ్మకు అది పావలానే.

తెలుగువాళ్ళకు ఈ భిన్నాలు కొత్తవి కావు. కాలు, అర, ముక్కాలు, ఎనిమిదో వంతుకు పరక, పదహారో వంతుకు వీసం. అణా అంటే రూపాయిలో వీసం. ‘వీసమెత్తు’ అని ఇప్పటికీ అంటాం, అది దేనిలో వీసమో మరిచిపోయాం. ఈ భిన్నాలకు పాత కరణాల పద్దుల్లో ప్రత్యేకంగా గుర్తులుండేవి. ఆ గుర్తులకు కంప్యూటర్లో చోటు కావాలని 2006లో యూనికోడ్‌కు ప్రతిపాదన రాసిన వ్యక్తి వెన్న నాగార్జున. 2008లో వచ్చిన యూనికోడ్ 5.1లో అవి చేరాయి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికింది కూడా ఆయనే. వీసానికీ పరకకూ గుర్తు పోగూడదని పట్టుబట్టిన మనిషి మొదలుపెట్టిన చోట అణాలు పైసలైపోవడం నాకు బాధగా ఉంది.

మా వాడికి నేను చెప్పిన పద్ధతి ఇది. మూలంలో ఎట్లా ఉందో అట్లాగే ముందు రాయి: రూ. 1-12-0. పక్కన కుండలీకరణంలో దశాంశం రాయి: ₹1.75. ఆ పక్కన ఏడాది. ₹ గుర్తు వచ్చింది 2010 జులైలో. పాత మొత్తాలకు దాన్ని వాడకూడదని నేననను, కానీ పాత రాతను అది మింగెయ్యకూడదు. కామాలు మన పద్ధతిలో పెట్టు, 12,50,000 అని. లక్ష, కోటి అని రాయి. ఇంగ్లీషు వ్యాసాన్ని అనువాద పరికరంలో వేసి తెచ్చినప్పుడు ‘1.2 బిలియన్ రూపాయలు’ అని అట్లాగే దిగుతుంది. అది 120 కోట్లని ఆదోని మార్కెట్ యార్డులో బస్తా మీద కూర్చుని ఫోన్ చూసే రైతుకు ఎవరు చెప్పాలి?

దత్త మండలాల చరిత్రకు వస్తే ఇంకొక చిక్కు. 1800లో నిజాం మన ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక, కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో శిస్తు లెక్కలన్నీ వరహాల్లో నడిచాయి. ఇంగ్లీషు కాగితాల్లో దానికి పగోడా అని పేరు. తెలుగు వ్యాసంలోకి అది ‘పగోడాలు’గానే దిగితే చదివే పిల్లవాడికి గుర్తొచ్చేది బర్మా గుళ్ళు. మనకు వరహా అన్న మాట ఇంట్లోనే ఉంది. మద్రాసు ప్రభుత్వం 1818లో రూపాయిని ప్రామాణిక నాణెం చేసినప్పుడు వరహాకు మూడున్నర రూపాయలు కట్టారు. ఆ సంగతి ఒక్కసారి రాస్తే వ్యాసమంతా వెలుగు పడుతుంది.

ఇదంతా సులభమైన భాగం. అసలు కష్టం వాడి రెండో ప్రశ్నతో వచ్చింది. ‘‘సరే అవ్వా, ఇప్పటి లెక్కలో అది ఎంతవుతుంది?’’

వికీలో దానికి ఒక మూస ఉంది. మొత్తం ఇచ్చి, మొదటి ఏడాది, చివరి ఏడాది, ఏ దేశపు ధరల సూచీయో చెబితే చాలు, లెక్క కట్టి అంకె చేతిలో పెడుతుంది. ఇంగ్లీషు వికీలో పాత సినిమాల పేజీల్లో ఖర్చు పక్కన ‘ఇది ఫలానా ఏడాదిలో ఇన్ని కోట్లకు సమానం’ అని కనిపించేది దానివల్లే. మా వాడు వేళ్ళ మీద చేసేశాడు. నేను ఆపి, కాగితం పెన్సిలు తెమ్మన్నాను. 1960 నాటి పేజీ తీశాం, ఎందుకంటే నాకు బాగా తెలిసిన సూచీల గొలుసు ఆ ఏడాది దగ్గర మొదలవుతుంది. ఆ పేజీలో దుప్పటి కూలి సరిగ్గా రెండు రూపాయలు.

కేంద్ర ప్రభుత్వపు లేబర్ బ్యూరో పారిశ్రామిక కార్మికుల కోసం వినియోగదారుల ధరల సూచీ కడుతుంది. ఉద్యోగుల కరువు భత్యం దీని మీదనే ఆధారపడుతుంది, కాబట్టి టీచర్లందరికీ ఇది చుట్టం. ఆధార సంవత్సరం 1960 నుంచి 1982కు, అక్కడి నుంచి 2001కి, తర్వాత 2016కు మారింది. మారినప్పుడల్లా పాతదాన్ని కొత్తదానికి కలిపే గుణకం ప్రకటించారు: 4.93, 4.63, 2.88. మూడూ గుణిస్తే 65.7. 2024 చివరికి సూచీ 144 దగ్గర ఉంది కాబట్టి దాన్నీ కలిపితే 94 రెట్లు. నాయన రెండు రూపాయలు అప్పటికి 188 అవుతాయి.

‘‘అయిపోయిందా?’’ అన్నాడు వాడు.

కాలేదు. అదే లేబర్ బ్యూరో వ్యవసాయ కూలీలకు వేరే సూచీ కడుతుంది. 1960-61 నుంచి 1986-87 ఆధారానికి గుణకం 5.89. 2024 చివరికి ఆ సూచీ 1,300 దాటింది. గుణిస్తే 77 రెట్లు. ఈ లెక్కన అదే రెండు రూపాయలు 154.

బంగారంతో కొలిచాం. 1960లో పది గ్రాములు నూటపది రూపాయల చిల్లర, 2024 చివర డెబ్బై అయిదు వేల పైమాట. రెట్లు ఆరు వందలు దాటాయి. రెండు రూపాయలు పన్నెండు వందలకు పైనే అయ్యాయి.

ఒకే కూలి. 154, 188, 1,200. గుణకారంలో తప్పేమీ లేదు. అడిగిన ప్రశ్నలే వేరు వేరు. సూచీ కట్టడానికి తీసుకునే సరుకుల జాబితాను బుట్ట అంటారు. వ్యవసాయ కూలీల 1986-87 బుట్టలో నూటికి 69 వంతులు తిండికే. పారిశ్రామిక కార్మికుల 2016 బుట్టలో తిండి వాటా 39 మాత్రమే, మిగిలింది ఇంటి అద్దె, బట్టలు, వైద్యం, చదువు, ప్రయాణం. అవి వేగంగా పెరిగితే సూచీ వాటితో పాటు పోతుంది. నాయన బుట్ట దేనికి దగ్గర? ఎమ్మిగనూరులో ఆయన సహకార సంఘపు నేత కార్మికుడు, కాగితం మీద కార్మికుడే. ఇంట్లో బతుకు మాత్రం పొలం కూలీ బతుకే. సంపాదనంతా జొన్నలకూ కారానికీ నూనెకూ సరిపోయేది. నన్నడిగితే 154 దగ్గర నిలబడతాను. ఇంకొకరు 188 అంటే కొట్లాడను, ఏ సూచీయో పక్కన రాస్తే చాలు. బంగారం లెక్కను మాత్రం నేత కూలి పక్కన ఎవరు పెట్టినా ఒప్పుకోను. ఆ రెండు రూపాయలతో నాయన ఏనాడూ బంగారం కొనలేదు.

ఈ మూస తయారుచేసినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. దాని వాడుక పేజీలోనే హెచ్చరిక రాసి పెట్టారు. వినియోగదారుల ధరల సూచీ నిత్యావసరాలకూ కూలీల అద్దెకూ చిన్న చిన్న ఖర్చులకూ పనికొస్తుంది గానీ ఆనకట్టలకూ ప్రభుత్వ ఖర్చుకూ ధనవంతుల ఆస్తులకూ పనికిరాదని. దేశపు మొత్తం ఆదాయంలో అది ఎన్నో వంతో చూడడం అక్కడ మేలు. చదివేవాళ్ళు తక్కువ. పాత రాజుగారు కట్టించిన కోటకూ, పాత సినిమాకూ, తుంగభద్ర ఆనకట్టకూ, మా నాయన దుప్పటికీ ఒకే తరాజు వాడేస్తున్నారు. జొన్నలు తూచే తరాజులో రైలింజను పెట్టినట్టు.

ఇంకొకటి. మూస ఇచ్చే అంకెను ₹188.94 అని పైసలతో సహా అతికించకూడదు. అరవై ఏళ్ళ దూరానికి పైసల కచ్చితత్వం ఎవరికీ దొరకదు. ‘సుమారు 190’ అంటే నిజాయితీగా ఉంటుంది.

డాలర్ల మాట కూడా చెప్పాలి. మన వికీ వ్యాసాల్లో రూపాయల పక్కన అమెరికా డాలర్లు వేసే మూస ఒకటి చాలా చోట్ల కనిపిస్తుంది. ఏడాది చెప్పకపోతే అది ఇప్పటి మారకం రేటు తీసుకుంటుంది. 1960లో డాలరు 4.76 రూపాయలు. 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించినప్పుడు 7.50 అయింది. 2024 చివర 85కు చేరువ. నాయన రెండు రూపాయలు ఆనాడు 42 సెంట్లు. ఇప్పటి రేటుతో మారిస్తే రెండున్నర సెంట్లు కూడా కావు. కోటి రూపాయల వంతెన ఆనాడు ఇరవై ఒక్క లక్షల డాలర్లదైతే ఇప్పటి రేటు దాన్ని లక్షా ఇరవై వేలకు లోపే చేస్తుంది. ఎమ్మిగనూరు, కోసిగి గురించి తెలుగులో చదివే మనిషికి డాలరు ఎందుకు? ఎగుమతి, దిగుమతి, విదేశీ అప్పు అయితే రాయండి, ఆ ఏటి రేటుతో రాయండి. మిగతా చోట్ల తీసెయ్యండి.

కొన్ని చోట్ల ఇప్పటి రూపాయల్లోకి మార్చడమే అన్యాయం. 1876–78 నాటి ధాత కరువు సంగతి చూడండి. అప్పుడు ఆదోని బళ్ళారి జిల్లాలో ఉండేది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ కరువు అన్నిటికంటే ఎక్కువ కాల్చిన జిల్లాల్లో బళ్ళారి, కర్నూలు ఉన్నాయి. ఆదోని మీదుగా మద్రాసు–బొంబాయి రైలు దారి అప్పటికే పడి ఉంది. ధాన్యం రైల్లో వచ్చినా కొనే శక్తి లేక మనుషులు చచ్చారు. 1877 జనవరిలో కరువు పనులకు, భారత ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించిన కూలి మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. ఆడవాళ్ళకు, పనిచేసే పిల్లలకు ఇంకా తక్కువ. పౌనంటే 450 గ్రాములు. ఎండలో రాళ్ళు కొట్టే మనిషికి. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ ఇది మనిషిని నిలబెట్టదని గట్టిగా వాదించాడు. కొద్ది నెలల్లోనే పెంచక తప్పలేదు.

ఆ వ్యాసంలో ‘ఒక అణా’ పక్కన ‘ఇప్పటి లెక్కలో ఇన్ని రూపాయలు’ అని వేస్తే ఏమవుతుందో ఊహించండి. సూచీ అంటే ఏడాది పొడవునా, ఎన్నో ఊళ్ళలో, ఎన్నో సరుకుల ధరల సగటు. కరువంటే ఆ సగటు కూలిపోవడం. ఆ నెలల్లో బళ్ళారి సంతలో అణాకు ఎంత గింజ దొరికేదో ఏ మూసా చెప్పలేదు. ఇప్పటి రూపాయల్లో పెద్ద అంకె కనిపిస్తే చదివేవాడు ‘ఫరవాలేదే’ అనుకుంటాడు. చిన్న అంకె కనిపిస్తే ‘ఆ కాలంలో అంతే కదా’ అనుకుంటాడు. 450 గ్రాములని రాస్తే మాత్రం ఎవరూ తప్పించుకోలేరు. కాబట్టి అక్కడ మూస వద్దు. గింజ ఎంతో రాయండి. దాంతో బతకాల్సిన కడుపులు ఎన్నో రాయండి.

అట్లాగని నేను ద్రవ్యోల్బణం లెక్కకు విరోధిని కాను. అది లేకపోతే మోసపోయేది మన రైతే. పెద్దకడబూరు దగ్గర మా మేనబావకు అయిదెకరాల నల్లరేగడి ఉంది. పత్తి ఆదోని యార్డుకే తెస్తాడు. ‘‘మద్దతు ధర మూడువేల నుంచి ఏడున్నర వేలయిందంటారే, మరి నా చేతిలో ఏమీ మిగల్లేదెందుకు?’’ అని ఒకసారి అడిగాడు. పొడవు పింజ పత్తికి కనీస మద్దతు ధర 2008-09లో క్వింటాలుకు 3,000. 2024-25లో 7,521. పట్టికగా వేస్తే రెండున్నర రెట్లు పెరిగినట్టే కనిపిస్తుంది. పారిశ్రామిక కార్మికుల సూచీ 2008 అక్టోబరులో 148. 2024 అక్టోబరు సూచీని అదే ఆధారంలోకి తెస్తే 416. అంటే ఆనాటి 3,000 2024 నాటి 8,400 పైచిలుకు. ధర పెరగలేదు, తొమ్మిది వందలు తగ్గింది.

బావ మొహం చూసి నేను అక్కడితో ఆపేసి ఉండొచ్చు. కానీ లెక్కలు చెప్పినదాన్ని, సగం చెప్పి ఊరుకోలేను. ఒక్క ఏడాది వెనక్కి, 2007-08కి పోతే మద్దతు ధర 2,030. ఆ అక్టోబరు సూచీ 134. 2024కు తెస్తే 6,300. దానితో చూస్తే 7,521 పెరిగినట్టే. 2008లో ఎన్నికల ముందు ఒక్కసారిగా దాదాపు వెయ్యి పెంచారు కాబట్టి, ఎక్కడి నుంచి కొలుస్తామనే దాన్ని బట్టి జవాబు తిరగబడుతుంది. ఒకరు 2007 నుంచి మొదలుపెట్టి ప్రభుత్వాన్ని మెచ్చుకుంటారు, ఇంకొకరు 2008 నుంచి మొదలుపెట్టి తిడతారు, ఇద్దరి అంకెలూ సరైనవే. వికీ రాసేవాళ్ళు ఈ రెండింట్లో ఏ ఒక్కదాన్నీ ఎంచుకోకూడదు. పట్టికంతా వెయ్యాలి, ప్రతి ఏడాదికీ పాత ధర, దాని పక్కన మార్చిన ధర, పట్టిక నెత్తిన సూచీ పేరు. పైగా ఈ సూచీ చెప్పేది బావ డబ్బుకు బజారులో ఏమొస్తుందో అంతవరకే. విత్తనం, ఎరువు, పురుగుమందు, పత్తి తీసే కూలి ఎంత పెరిగాయో దీనిలో లేదు. సేద్యపు ఖర్చుకు వేరే లెక్క కట్టాలి. బావకు అదే అసలు ప్రశ్న.

ప్రభుత్వం కట్టడి చేసిన ధరలకు ఇంకో జాగ్రత్త కావాలి. 1983లో ఎన్.టి. రామారావు కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చారు. 2011లో అదే బియ్యం రూపాయి అయింది. ఆ రెండు రూపాయలను సూచీతో పెంచి ‘ఇప్పటి లెక్కలో ఇంత’ అంటే అర్థం లేదు. అది బజారు పెట్టిన ధర కాదు. దాని పక్కన ఉండాల్సింది ఆ ఏటి బజారు ధర, ఆ ఏటి కూలి.

చివరగా, ‘ప్రస్తుతం’ అన్న మాట. ‘ప్రస్తుతం ఎకరా ధర ఇంత’, ‘ప్రస్తుతం బస్సు చార్జీ ఇంత’ అని ఎవరో ఎప్పుడో రాసి పోతారు. వ్యాసం అట్లాగే ఉంటుంది, ప్రస్తుతం మాత్రం పోతుంది. గ్రామాల పేజీల్లో ఇట్లాంటివి నేనే ఎన్నో దిద్దాను. కొన్నిటికి ఏ ఏటివో తెలుసుకోవడానికి పేజీ చరిత్రలోకి పోయి, ఆ వాక్యం చేర్చిన తేదీ వెతకాల్సి వచ్చింది. తేదీ దొరికినా, రాసినవాళ్ళు ఆ అంకెను ఎంత పాత కాగితం నుంచి ఎత్తారో దొరకదు.

ఇంటి పాసుపుస్తకం వికీపీడియా వ్యాసానికి ఆధారంగా చెల్లదని నాకు తెలుసు. అచ్చయిన మూలం కావాలి, ఆ నియమం మంచిదే. ఎమ్మిగనూరు నేత గురించి వ్యాసం రాసేటప్పుడు 1938లో మాచాని సోమప్పగారు నిలబెట్టిన సహకార సంఘం గురించి అచ్చయిన కాగితాలు వెతకమని మా వాడికి చెప్పాను. నాయన పేజీ మాత్రం కామన్స్‌లో ఫోటోగా ఉంటుంది, వివరణ సరిగ్గా ఉండాలి. ఇద్దరం కూర్చుని తిరగరాశాం:

‘1955, ఎమ్మిగనూరు (అప్పటి ఆదోని తాలూకా). చేనేత సహకార సంఘం పాసుపుస్తకంలో ఒక దుప్పటి నేత కూలి: రూ. 1-12-0, అంటే ఒక రూపాయి పన్నెండు అణాలు (₹1.75).’

ఇప్పటి రూపాయలు రాయలేదు. దానికి బదులు వాడు అమ్మ మాట ఒకటి చేర్చుదామన్నాడు. ఒక దుప్పటి కూలి వస్తే ఇంట్లో అయిదుగురికి రెండు రోజుల జొన్నరొట్టె అని ఆమె చెప్పేది. కుటుంబ సభ్యుల జ్ఞాపకం అని స్పష్టంగా రాసి చేర్చాం.

భద్రపరిచాక వాడు పేజీ తిప్పాడు. మరుసటి వారం పద్దు కింద ‘పొదుపు 0-2-0’ అని ఉంది. వేలు పెట్టి, నన్ను అడక్కుండానే, మెల్లగా చదివాడు: ‘‘సున్నా రూపాయలు, రెండణాలు, సున్నా పైలు. బేడ. తాత బేడ దాచిపెట్టినాడవ్వా.’’